కవలల కాన్పుకు నొప్పులు తెప్పించడం: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

కవలలని తెలిసిన రోజు నుంచి ఇంట్లో సగం సంబరం, సగం టెన్షన్. ఎనిమిదో నెల వచ్చేసరికి ఆ టెన్షనంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది: "నొప్పులు తెప్పిస్తామంటున్నారు, ఏం చేద్దాం?" ఓపీలో నా ఎదుట కూర్చున్నవాళ్లు అడిగేవీ, ఇంటికెళ్లాక గుర్తొచ్చి రాత్రి పదింటికి వాట్సాప్‌లో పంపేవీ ఇంచుమించు ఇవే ప్రశ్నలు. వాళ్ల మాటల్లోనే రాశాను. మీకు కావలసినచోటికి నేరుగా వెళ్లి చదువుకోండి. ఇది మీ రిపోర్టులు చూసి రాసింది కాదు. మీ డాక్టర్ చెప్పిన తేదీకీ దీనికీ తేడా కనిపిస్తే కారణం అడగండి.

## తేదీ ఖాయం కాకముందు

ఒక్క బిడ్డయితే 40 వారాల దాకా ఆగుతారు కదా, నన్ను 37కే ఎందుకు అడ్మిట్ అవ్వమంటున్నారు?

కడుపులో ఇద్దరున్నప్పుడు చివరి వారాల లెక్క మారిపోతుంది. మరీ ముందుగా పుడితే ఊపిరి, పాలు తాగడం, ఒంట్లో వేడి నిలవడం కష్టం. మరీ ఆలస్యం చేస్తే మాయ ఇద్దరినీ పోషించలేక, పైకి ఏ లక్షణమూ లేకుండానే బిడ్డ గుండె ఆగిపోయే ప్రమాదం పెరుగుతుంది. ఈ రెండు ప్రమాదాలూ ఎక్కడ సరితూగుతాయన్నదే ప్రశ్న. 2016లో 32 అధ్యయనాల నుంచి 35,171 కవల గర్భాల వివరాలు కలిపి చూస్తే, వేర్వేరు మాయలున్న కవలల్లో ఆ చోటు 37వ వారం దగ్గర తేలింది. ఇంకో వారం ఆగినవాళ్లలో వెయ్యి గర్భాలకు దాదాపు 9 శిశుమరణాలు ఎక్కువ. "మా పిన్ని 39 దాకా మోసింది, ఇద్దరూ బంగారంలా ఉన్నారు" అని చెబుతుంటారు. నిజమే, చాలామందికి ఏమీ కాదు. ఎవరికి అవుతుందో ముందే చెప్పే పరీక్ష మాత్రం మా దగ్గర లేదు.

నా స్కాన్‌లో డీసీడీఏ అని ఉంది, మా ఆడపడుచుకి ఎంసీడీఏ అని రాశారు. ఏంటి తేడా?

డీసీడీఏ అంటే ఇద్దరికీ వేర్వేరు మాయలు, వేర్వేరు ఉమ్మనీటి సంచులు. ఎంసీడీఏ అంటే సంచులు రెండు, మాయ మాత్రం ఒకటే. ఒకే మాయలో ఇద్దరి రక్తనాళాలూ కలిసి ఉంటాయి కాబట్టి ఒకరి రక్తం ఇంకొకరికి ఎక్కువగా పోయే ప్రమాదం ఉంటుంది. అందుకే ఎంసీడీఏ తల్లులను 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్‌కి రమ్మంటాం. మూడో రకం ఎంసీఎంఏ: మాయ ఒకటే, సంచీ ఒకటే. ఇది అరుదు.

కవలల కాన్పు ఎప్పుడు, ఎలా అన్నది ముందుగా ఈ నాలుగు అక్షరాల మీదే ఆధారపడుతుంది. ఇది బాగా తెలిసేది 11 నుంచి 14 వారాల మధ్య చేసే స్కాన్‌లోనే. రెండు సంచుల మధ్య పొర మాయను తాకే చోట గోపురంలా మందంగా ఉంటే రెండు మాయలు, ఇంగ్లిష్ టీ అక్షరంలా సన్నగా నిలబడితే ఒకటే మాయ. నెలలు నిండాక చూస్తే ఆ తేడా చెరిగిపోతుంది. కాబట్టి ఆ మూడో నెల రిపోర్టు పోగొట్టుకోకండి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఇంకో మాట: రెండు మాయలున్నంత మాత్రాన పిల్లలు ఒకే పోలిక కారని అనుకోనక్కర్లేదు. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో మూడో వంతు మందికి మాయలు వేర్వేరుగానే ఉంటాయి.

ఒకే మాయ అయితే ఏ వారంలో నొప్పులు తెప్పిస్తారు?

ఏ ఇబ్బందీ లేని ఎంసీడీఏ కవలలకు సాధారణంగా 36వ వారంలో. పిల్లల బరువుల్లో తేడా, ఉమ్మనీటిలో తేడా, తల్లికి బీపీ లాంటివి ఉంటే ఇంకా ముందే. మొదటి బిడ్డ తల కిందికి ఉంటే మాయ ఒకటే అయినా నొప్పులు తెప్పించి నార్మల్‌కి ప్రయత్నించవచ్చు. ఎంసీఎంఏ అయితే మాత్రం ఇండక్షన్, అంటే నొప్పులు తెప్పించడం అన్న మాటే లేదు. ఒకే సంచిలో ఇద్దరి బొడ్డుతాళ్లు మెలిపడతాయి కాబట్టి 32 నుంచి 34 వారాల మధ్య సిజేరియన్ చేస్తారు.

మేము లండన్‌లో ఉన్నాం, ఇక్కడ 37 అంటున్నారు. అమెరికాలో మా అక్కకి 38 అన్నారు. ఎవరిది కరెక్ట్?

ఇద్దరిదీ. బ్రిటన్ మార్గదర్శకాల్లో డీసీడీఏకి 37 వారాలు నిండగానే కాన్పు ప్రతిపాదించమని ఉంది. అమెరికా గైనకాలజిస్టుల సంఘం 38వ వారం అంటుంది. చూసిన సమాచారం ఇంచుమించు ఒకటే, ఏ ప్రమాదానికి ఎంత బరువు ఇచ్చారన్న దగ్గరే తేడా. ఇండియాలో ఎక్కువమంది డాక్టర్లం 37, 38 మధ్యే తేదీ ఇస్తాం. 38 నిండాక కూడా ఆగుదామని ఎవరూ అనరు.

నొప్పులు తెప్పించడానికి నేను పనికొస్తానో లేదో ఎలా తెలుస్తుంది?

అన్నిటికంటే ముందు చూసేది, కిందున్న బిడ్డ తల కిందికి ఉందా అని. ఉంటే దారి తెరిచి ఉన్నట్టే. ఆ బిడ్డే ఎదురుకాళ్లతోనో అడ్డంగానో ఉంటే నేరుగా ఆపరేషన్. మాయ కిందికి దిగి దారికి అడ్డంగా ఉన్నా, గర్భసంచి మీద పాత నిలువు కోత ఉన్నా, బిడ్డల్లో ఒకరి గుండె చప్పుడు ఇప్పటికే బాగా లేకపోయినా ఇండక్షన్ జోలికి పోం. తల్లి ఎత్తు, వయసు, ఐవీఎఫ్ లాంటివి వాటంతటవే అడ్డంకులు కావు.

రెండో పాప అడ్డం తిరిగి ఉందట. అయినా నార్మల్ అంటున్నారు, భయంగా ఉంది.

మొదటి బిడ్డ తల కిందికి ఉన్నంతవరకు రెండో బిడ్డ ఇప్పుడు ఎలా ఉందన్నది పెద్ద విషయం కాదు. మొదటి బిడ్డ బయటికి రాగానే లోపల బోలెడంత ఖాళీ. రెండో బిడ్డ ఎలాగూ కదులుతుంది, తనంతట తాను తిరుగుతుంది, లేదా మేము తిప్పుతాం. ఎదురుకాళ్లతో వస్తే కాళ్లు పట్టుకునే బయటికి తీస్తాం. ఒక్క బిడ్డే ఉన్నప్పటి ఎదురుకాళ్ల కాన్పు కన్నా ఇది సులువు, ఎందుకంటే అన్న వెళ్లిన దారి అప్పటికే విచ్చుకుని ఉంటుంది. రెండో బిడ్డ మొదటి బిడ్డ కన్నా బాగా బరువుగా ఉందని స్కాన్ చెబితే మాత్రం ఆలోచిస్తాం. ఎదురుకాళ్లు, అడ్డం కాన్పులు చేసిన అనుభవం ఉందా అని మీ డాక్టర్‌ని మొహమాటం లేకుండా అడగండి. ఆ ప్రశ్నకు డాక్టర్లు నొచ్చుకోకూడదు.

ఐవీఎఫ్‌లో వచ్చిన పిల్లలు. పదేళ్ల తర్వాత దక్కారు. రిస్క్ ఎందుకు, కోసి తీసేయండి డాక్టర్ గారూ.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు గట్టిగా కాదనాలనిపించదు. పదేళ్లు సూదులతో, స్కాన్లతో గడిపినవాళ్లు అడుగుతున్నారు. కానీ ఆపరేషన్ అంటే రిస్క్ లేకపోవడం అనుకుంటే పొరపాటు. కెనడా వైద్యుల నాయకత్వంలో 25 దేశాల్లోని 106 ఆసుపత్రుల్లో ఇదే ప్రశ్న మీద పెద్ద అధ్యయనం జరిగింది, 2013లో ఫలితాలు వచ్చాయి. మొదటి బిడ్డ తల కిందికి ఉన్న 2,804 మంది తల్లులను రెండు గుంపులు చేశారు. ముందుగా సిజేరియన్ అనుకున్నవాళ్లలో పిల్లలకు తీవ్రమైన ఇబ్బంది 2.2 శాతం, నార్మల్ అనుకున్నవాళ్లలో 1.9 శాతం. అంటే తేడా లేనట్టే. పిల్లలకు లాభం లేనప్పుడు తల్లి కడుపు మీద కోత ఎందుకన్నది నా ప్రశ్న. అంతా విన్నాక కూడా మీకు ఆపరేషనే కావాలనిపిస్తే అది మీ హక్కు, చేస్తాం. ఆ నిర్ణయం మాత్రం భయంతో కాకుండా తెలిసి తీసుకోండి.

నొప్పులు తెప్పిస్తే చివరికి సిజేరియనే అవుతుందట కదా? రెండు బాధలూ పడటం ఎందుకు?

కొందరికి అవుతుంది, దాచడం లేదు. 2013 నాటి అంతర్జాతీయ అధ్యయనంలో నార్మల్ అనుకుని మొదలుపెట్టినవాళ్లలో 43.8 శాతం మందికి సిజేరియన్ అయింది. కానీ ఫ్రాన్స్‌లో 2014-15లో 176 ఆసుపత్రుల్లో చూస్తే, నార్మల్ అనుకున్న 4,461 మందిలో 80 శాతానికి పైగా ఇద్దరినీ నార్మల్‌గానే కన్నారు. తల్లులు మారలేదు, కవలలు మారలేదు. అక్కడి డాక్టర్లకు రెండో బిడ్డను చేత్తో తిప్పి తీయడం అలవాటు, అంతే. మన దగ్గర చూస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో మొత్తం కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, దేశంలో అన్నిటికంటే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. ఒక్క బిడ్డకే ఇలా ఉన్నచోట కవలల నార్మల్ కాన్పులు చూసి నేర్చుకునే అవకాశం కుర్ర డాక్టర్లకు తగ్గిపోతోంది. కాబట్టి "నాకు సిజేరియన్ అయ్యే అవకాశం ఎంత?" అన్నదానికి జవాబు సగం మీ ఒంట్లో ఉంటే, సగం మీరు వెళ్లే ఆసుపత్రిలో ఉంది.

మొదటి కాన్పు సిజేరియన్. ఇప్పుడు కవలలు. నొప్పులు తెప్పించవచ్చా?

ఒకే ఒక్క పాత సిజేరియన్, అదీ అడ్డకోత అయితే, కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో ప్రయత్నిస్తారు. మందుల కన్నా బెలూన్ (గర్భసంచి ముఖద్వారాన్ని మెల్లగా తెరిచే గొట్టం, వివరం కింద ఉంది) వైపే మొగ్గుతారు. మిసోప్రోస్టాల్ మాత్ర మాత్రం వాడకూడదు, పాత కుట్టు దగ్గర గర్భసంచి చిరిగే ప్రమాదం ఉంది. అన్ని సౌకర్యాలూ లేనిచోట మళ్లీ సిజేరియన్ చేస్తామంటే ఆ డాక్టర్‌ని నేను తప్పుపట్టను.

మా అత్తగారు పంతులుగారిని అడిగి ముహూర్తం పెట్టించారు. ఆ టైమ్‌కే పుట్టేలా నొప్పులు తెప్పించగలరా?

కుదరదు. ఇండక్షన్‌లో మన చేతిలో ఉండేది మొదలుపెట్టే రోజు మాత్రమే. సోమవారం ఉదయం జెల్ పెడితే పిల్లలు మంగళవారం తెల్లవారుజామున రావచ్చు, బుధవారం మధ్యాహ్నమూ రావచ్చు. పైగా ఇద్దరు, ఇద్దరి టైమూ ఒకటి కాదు. మంచి గడియ లోపల పుట్టించాలని డ్రిప్ వేగం పెంచితే గర్భసంచి విరామం లేకుండా బిగుసుకుని పిల్లలకు ఊపిరాడదు. ఎవరు అడిగినా ఆ పని చేయను.

అయితే పెద్దవాళ్లను కసురుకోవడం నాకిష్టం ఉండదు. వాళ్ల భయం వాళ్లది. డాక్టర్ ఇచ్చిన వారం లోపల అమావాస్య వద్దు, ఫలానా రోజు వద్దు అంటే ఒకరోజు అటూ ఇటూ జరపడానికి చాలాసార్లు వీలవుతుంది. బీపీ పెరిగినప్పుడో, బిడ్డ కదలికలు తగ్గినప్పుడో కూడా "నక్షత్రం మారేదాకా ఆగుదాం" అంటే మాత్రం ఒప్పుకోం. ముహూర్తం కోసమే సిజేరియన్ అడిగేవాళ్లకు ఒకటే చెబుతాను: ఆ గడియ కోసం 36 వారాలకే తీసేస్తే పిల్లలు గ్రహాల కన్నా ముందు ఇంక్యుబేటర్‌ని చూస్తారు.

మా ఊళ్లో నర్సింగ్ హోమ్ ఉంది, తెలిసిన డాక్టరమ్మే. అక్కడే చేయించుకోవచ్చా?

తెలిసిన డాక్టరమ్మ ఉండటం చాలా మంచిదే. అయినా ఈ సంగతులు అడిగి తెలుసుకోండి: రాత్రి రెండింటికి కూడా మత్తు డాక్టర్ బిల్డింగ్‌లోనే ఉంటారా, లేక ఫోన్ చేస్తే వస్తారా? రక్తం ఎక్కడి నుంచి తేవాలి? కాన్పు గదిలోకి స్కాన్ మెషిన్ వస్తుందా? ఎన్ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) ఒకేసారి రెండు బెడ్లు దొరుకుతాయా? పిల్లలను వేరే ఆసుపత్రికి తరలించాల్సి వస్తే తల్లి ఒకచోట, బిడ్డలు ఒకచోట అవుతారు. వీటిలో రెండు మూడింటికి సరైన జవాబు రాకపోతే ఆ డాక్టరమ్మనే పెద్దాసుపత్రికి రాసివ్వమనండి. అన్నీ ఉన్న బోధనాసుపత్రి ప్రభుత్వానిదైనా సరే, కవలల కాన్పుకు చాలా ప్రైవేటు నర్సింగ్ హోమ్‌ల కన్నా అదే మేలు.

## ఇంట్లో ఎదురుచూసే రోజులు

ఇచ్చిన తేదీ కన్నా ముందే నొప్పులొస్తే?

చాలామందికి వస్తాయి. కవల గర్భాల్లో వందకు దాదాపు 60 మందికి 37 వారాల లోపే వాటంతటవే నొప్పులు వచ్చి కాన్పు అవుతుంది. అందుకే 32 వారాల నుంచే ఆసుపత్రికి తీసుకెళ్లే బ్యాగు సర్ది పెట్టుకోమంటాను. 34 వారాల లోపు వస్తే పిల్లల ఊపిరితిత్తుల కోసం తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎక్కువగా డెక్సామెథసోన్, 12 గంటలకొకటి చొప్పున నాలుగు. షుగర్ ఉన్నవాళ్లకు వీటితో రెండు మూడు రోజులు షుగర్ పెరుగుతుంది. కంగారు పడకుండా చెక్ చేసుకుంటూ ఉండాలి.

ఏం జరిగితే వెంటనే బయలుదేరాలి?

ఉమ్మనీరు పోవడం, రక్తం కనిపించడం, కదలికలు తగ్గడం, తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, పక్కటెముకల కింద నొప్పి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. ఎక్కువమంది పట్టించుకోనిది ఒకటుంది: అరచేతులు, అరికాళ్లు రాత్రిపూట విపరీతంగా దురద పెట్టడం. వేడి చేసిందని మజ్జిగ తాగి ఊరుకుంటారు. అది కాలేయానికి సంబంధించిన సమస్య కావచ్చు, కవలల తల్లుల్లో ఎక్కువ. రక్తపరీక్ష చేయించాలి.

ఆముదం తాగితే హాస్పిటల్‌కి వెళ్లకుండానే నొప్పులొస్తాయని అమ్మమ్మ అంటోంది.

ఆముదంతో విరేచనాలు ఖాయం, నొప్పులు ఖాయం కాదు. ఇద్దరిని మోస్తూ ఒంట్లో నీరు కోల్పోవడం మంచిది కాదు. ఒకవేళ నొప్పులు వచ్చినా, పిల్లల గుండె చప్పుడు చూసేవాళ్లు ఇంట్లో ఉండరు. జంట అరటిపళ్లు తింటే కవలలు పుడతారన్న మాటకు నవ్వి ఊరుకోవచ్చు, ఆముదం గిన్నెకు మాత్రం గట్టిగా వద్దని చెప్పండి. మందుల షాపులో మాత్రలు తెచ్చుకుని వేసుకోవడం ఇంకా ప్రమాదం. నొప్పులకు వాడే మిసోప్రోస్టాల్ మోతాదు 25 మైక్రోగ్రాములు. షాపులో సాధారణంగా దొరికేది 200, అంటే ఎనిమిది రెట్లు.

## అడ్మిట్ అయ్యాక

అడ్మిట్ కాగానే ఏం చేస్తారు?

ముందు స్కాన్, ఇద్దరూ ఎలా ఉన్నారో చూడటానికి. నిన్నటికీ ఇవాళ్టికీ మారిపోతారు. తర్వాత ఇద్దరి గుండె చప్పుళ్లు బెల్టులు కట్టి వేర్వేరుగా రికార్డు చేస్తారు. ఒక్కోసారి ఒకే బిడ్డ చప్పుడును రెండు బెల్టులూ పట్టుకుంటాయి, అందుకే నర్సమ్మ ఓపికగా అటూ ఇటూ జరుపుతుంటుంది, విసుక్కోకండి. చేతికి సెలైన్ సూది, రక్తం గ్రూపు, హిమోగ్లోబిన్, బ్లడ్ బ్యాంకులో మీకు సరిపడే రక్తం సిద్ధం. లోపలి పరీక్షలో గర్భాశయ ముఖద్వారం ఎంత మెత్తబడింది, ఎంత విచ్చుకుంది చూసి మార్కులు వేస్తారు. దాన్ని బిషప్ స్కోర్ అంటారు, 13కి లెక్క. 6 దాటితే దారి సిద్ధంగా ఉన్నట్టు, అంతకన్నా తక్కువైతే ముందు మెత్తబరచాలి.

జెల్, మాత్ర, బెలూన్ అని మూడు చెప్పారు. ఏది మంచిది?

మూడూ ముఖద్వారాన్ని సిద్ధం చేసేవే. జెల్ అంటే డైనోప్రోస్టోన్, లోపల పెడతారు, ఆరు గంటలాగి చూస్తారు, అవసరమైతే మళ్లీ పెడతారు. మిసోప్రోస్టాల్‌ను తక్కువ మోతాదులో నోటితో గానీ లోపల గానీ ఇస్తారు. బెలూన్ అంటే మూత్రానికి పెట్టే ఫోలీ గొట్టమే. ముఖద్వారం దాటించి 30 నుంచి 60 మిల్లీలీటర్ల నీటితో ఉబ్బిస్తారు. అది మెల్లగా నొక్కుతూ దారి తెరుస్తుంది, మూడు సెంటీమీటర్లు తెరుచుకున్నాక తనే జారి బయటికి వస్తుంది.

కవలల్లో నాకు బెలూన్ అంటే మక్కువ. గర్భసంచి ఇప్పటికే సాగి బిగుతుగా ఉంటుంది. మందు ఒకసారి ఒంట్లోకి వెళ్లాక వెనక్కి తీయలేం, బెలూన్‌ని తీసేయొచ్చు. పెట్టేటప్పుడు ఒక నిమిషం ఇబ్బందిగా, తర్వాత నెలసరి నొప్పిలా ఉంటుంది. జెల్ వాడే డాక్టర్లూ చాలామంది ఉన్నారు, వాళ్లకూ ఫలితాలు బాగానే వస్తాయి.

డ్రిప్ పెడితే నొప్పులు తట్టుకోలేనంతగా వస్తాయట, నిజమేనా?

డ్రిప్‌లో ఉండేది ఆక్సిటోసిన్. మన ఒంట్లో తయారయ్యే హార్మోనే, బయటి నుంచి కొలిచి ఇస్తారు. సాధారణంగా మొదటి బిడ్డ ఉమ్మనీటి సంచిని చిన్నగా గుచ్చి, ఆ తర్వాత డ్రిప్ మొదలుపెడతారు. చుక్కలు లెక్కపెట్టి కాకుండా పంపుతో ఇవ్వాలి, అరగంటకోసారి కొద్దికొద్దిగా పెంచాలి. పది నిమిషాల్లో నాలుగైదు నొప్పులు చాలు. అంతకు మించితే డ్రిప్ తగ్గించడమో ఆపడమో చేస్తారు, ఆపిన కొద్ది నిమిషాల్లోనే దాని ప్రభావం తగ్గుతుంది. నొప్పులు త్వరగా జోరందుకుంటాయన్నది నిజం. మెల్లగా అలవాటు పడే సమయం దొరకదు.

ఎపిడ్యూరల్ తప్పనిసరా? నడుంనొప్పి జీవితాంతం ఉంటుందంటున్నారు.

ఎపిడ్యూరల్ అంటే వెన్ను దగ్గర సన్నని గొట్టం పెట్టి నొప్పి తెలియకుండా మందు ఇవ్వడం. తప్పనిసరి కాదు, కానీ కవలల్లో తీసుకోమని నేను గట్టిగానే చెబుతాను. రెండో బిడ్డను తిప్పడానికి లోపల చెయ్యి పెట్టాల్సి రావచ్చు. ఉన్నట్టుండి థియేటర్‌కి వెళ్లాల్సి వస్తే ఆ గొట్టంలోంచే మందు పెంచి ఆపరేషన్ చేయొచ్చు, పూర్తి మత్తు అవసరం రాదు. సూది గుచ్చినచోట కొన్ని రోజులు నొప్పి ఉంటుంది. ఏళ్ల తరబడి ఉండే నడుంనొప్పికి మాత్రం కారణం అది కాదు. తొమ్మిది నెలలు ఇద్దరిని మోసిన నడుం, తర్వాత ఇద్దరిని ఎత్తుకునే నడుం అది!

ఎంతసేపు పడుతుంది? రాకపోతే ఏం చేస్తారు?

మొదటి కాన్పు, ముఖద్వారం గట్టిగా ఉంది అంటే ఒకటిన్నర రోజు, రెండు రోజులు కూడా పట్టవచ్చు. రెండో కాన్పయితే చాలా తక్కువ. మొదటి రోజు ఏమీ జరుగుతున్నట్టు అనిపించదు. చుట్టాలంతా వరండాలో కూర్చుని "ఇంకా కాలేదా?" అని ఫోన్లు చేస్తారు, ఆ ఫోన్లు భర్త చేతికివ్వండి. ఉమ్మనీరు పోయి, డ్రిప్ సరిగ్గా నడుస్తూ 12 గంటలు దాటినా ముఖద్వారం తెరుచుకోకపోతే సిజేరియన్ గురించి మాట్లాడతాం. పిల్లల గుండె చప్పుడు తగ్గితే అంతసేపు కూడా ఆగం.

నడవొచ్చా, తినొచ్చా?

ముఖద్వారం మెత్తబడే దశలో రెండూ చేయొచ్చు. నొప్పులు జోరందుకున్నాక మంచినీళ్లు, కొబ్బరినీళ్ల లాంటివే.

## కాన్పు గదిలో

మొదటి బిడ్డ పుట్టాక ఏం జరుగుతుంది? అక్కడే కదా అసలు టెన్షన్?

అవును, అక్కడే. మొదటి బిడ్డ వచ్చాక బొడ్డుతాడుకు ఒక క్లిప్పు పెట్టి కోస్తారు, రెండో బిడ్డకు రెండు క్లిప్పులు పెడతారు, తర్వాత మాయ చూసినప్పుడు ఏది ఎవరిదో తెలియడానికి. అదే క్షణంలో ఒకరు మీ పొట్టను రెండు పక్కలా అదిమి పట్టుకుంటారు, ఉన్నట్టుండి దొరికిన ఖాళీలో రెండో బిడ్డ అడ్డం తిరగకుండా. ఇంకొకరు స్కాన్ పెట్టి తల ఎక్కడుందో చూస్తారు. గుండె చప్పుడు ఆగకుండా వింటూనే ఉంటారు. ఆ సమయంలో నొప్పులు కాసేపు సద్దుమణుగుతాయి, అందుకే డ్రిప్ పెంచుతారు.

తల కిందికి దిగితే ఆ తర్వాతే రెండో సంచిని పగలగొడతారు. తొందరపడి ముందే పగలగొడితే బొడ్డుతాడు జారిపడే ప్రమాదం. కాళ్లు కిందికి ఉంటే కాళ్లు పట్టుకుని తీస్తారు. అడ్డంగా ఉంటే పైనుంచి పొట్ట మీద నొక్కుతూ తిప్పుతారు, లేదా లోపల చెయ్యి పెట్టి పాదాన్ని పట్టుకుని తెస్తారు. ఈ పనికి సంచి పగలకుండా ఉంటేనే తేలిక, నీటిలో బిడ్డ సులువుగా తిరుగుతుంది. పాదమా చెయ్యా అని చూడకుండానే తెలుసుకోవాలంటే మడమ తగలాలి, చేతికి మడమ ఉండదు కదా. మా ప్రొఫెసర్ నేర్పిన మొదటి పాఠం అది.

ఇక్కడ జరగకూడని తప్పు ఒకటుంది. ఒక్క బిడ్డ కాన్పుల్లో బిడ్డ రాగానే గర్భసంచి ముడుచుకోవడానికి ఇంజెక్షన్ ఇవ్వడం అలవాటు. కవలల్లో అది రెండో బిడ్డ వచ్చాకే ఇవ్వాలి. అలవాటులో చెయ్యి సిరంజి మీదికి పోతుంది. అందుకే మా గదిలో ఆ సిరంజి పట్టుకున్నవాళ్లు పైకి వినబడేలా "ఇంకొకరున్నారు" అనాలన్నది నియమం.

ఇద్దరికీ మధ్య ఎంత టైమ్ ఉండొచ్చు?

ఎక్కువగా పావుగంట నుంచి అరగంట. గుండె చప్పుడు బాగుండి, బిడ్డ దిగుతూ ఉంటే గడియారం చూసి ఆపరేషన్ చేయనక్కర్లేదు. కానీ మరీ ఆలస్యమైతే ముఖద్వారం మళ్లీ మూసుకోవడం మొదలవుతుంది, మాయ ముందే ఊడిపోవచ్చు.

ఒకరు నార్మల్‌గా పుట్టి, ఇంకొకరికి ఆపరేషన్ అవుతుందా?

అవుతుంది, కానీ అరుదుగా. 2013 నాటి 25 దేశాల అధ్యయనంలో నార్మల్ అనుకున్నవాళ్లలో సుమారు 4 శాతం మందికి అలా జరిగింది. దీనికోసమే కాన్పు గది పక్కనే థియేటర్ సిద్ధంగా ఉంచుతాం. కొన్నిచోట్ల థియేటర్‌లోనే కాన్పు చేస్తారు, అలా తీసుకెళ్లారంటే ఏదో తేడా వచ్చిందని కాదు.

గదిలో అంతమంది ఎందుకు? సిగ్గుగా ఉంటుంది.

ఇద్దరు గైనిక్ డాక్టర్లు, మత్తు డాక్టర్, ఒక్కో బిడ్డకు ఒక పిల్లల డాక్టర్, నర్సులు, ఆయా. పదిమంది దాకా అవుతారు. మీకు ధైర్యంగా ఉండటానికి మీవాళ్లు ఒకరు పక్కన ఉండాలని ముందే అడగండి.

ముందు పుట్టినవాడు పెద్దా, తర్వాత పుట్టినవాడు పెద్దా?

మా రిజిస్టర్‌లో ముందు వచ్చినవారే పెద్ద, నిమిషంతో సహా రాస్తాం. కొన్ని ఇళ్లలో మాత్రం తర్వాత పుట్టినవారే పెద్దంటారు, లోపల ముందుగా చేరినవారు చివర్లో వస్తారని. దితి కడుపున హిరణ్యాక్షుడు ముందు పుట్టినా హిరణ్యకశిపుడే పెద్దన్న కథ ఆధారం వాళ్లకి. శాస్త్రం ప్రకారం ముఖద్వారానికి దగ్గరగా ఉన్నవారు ముందు వస్తారు, అంతే. ఈ తగాదాలో నేను తలదూర్చను.

## పిల్లలు చేతికొచ్చాక

కవలల కాన్పులో రక్తం ఎక్కువ పోతుందా?

పోయే అవకాశం ఎక్కువ. ఇద్దరిని మోసి బాగా సాగిన గర్భసంచి త్వరగా ముడుచుకోదు, పైగా గంటల తరబడి డ్రిప్‌తో అలసిపోయి ఉంటుంది. అందుకే రెండో బిడ్డ రాగానే ఆక్సిటోసిన్ 10 యూనిట్లు ఇస్తారు, ఆ తర్వాత కొన్ని గంటలు డ్రిప్ కొనసాగిస్తారు, నర్సులు మాటిమాటికీ పొట్ట నొక్కి చూస్తారు. నొప్పిగా ఉన్నా వద్దనకండి. రక్తం ఎక్కువగా పోతుంటే ట్రానెగ్జామిక్ యాసిడ్ ఇస్తారు, అది కాన్పయిన మూడు గంటల లోపే పనికొస్తుంది. హిమోగ్లోబిన్ 8తో వచ్చే తల్లికీ 11తో వచ్చే తల్లికీ ఈ గండం ఒకేలా ఉండదు. ఏడో నెలలోనే ఐరన్ సంగతి చూసుకోండి.

37 వారాలకి పుట్టినవాళ్లని ఎన్ఐసీయూలో పెడతారా?

చాలామందిని పెట్టరు. రెండు కేజీలు దాటి, ఏడ్చి, పాలు తాగుతుంటే తల్లి పక్కనే ఉంచుతారు. 36లో పుట్టినవాళ్లకు వేడి నిలవకపోవడం, షుగర్ పడిపోవడం, పాలు తాగుతూ నిద్రపోవడం, కామెర్లు కాస్త ఎక్కువ. ఒకరు పక్కలో, ఒకరు ఎన్ఐసీయూలో ఉండే పరిస్థితే తల్లికి అన్నిటికంటే కష్టం. అలాంటప్పుడు ముర్రుపాలు పిండి ఎన్ఐసీయూకి పంపండి, రోజూ కాసేపు ఆ బిడ్డను గుండెకు ఆనించుకుని కూర్చోనివ్వమని అడగండి. మీరేమీ వాళ్లను బతిమాలుకోవడం కాదు, అది చికిత్సలో భాగమే.

ఇద్దరికీ పాలు సరిపోతాయా?

ఎక్కువమందికి సరిపోతాయి. ఇద్దరూ తాగే కొద్దీ పాలు పెరుగుతాయి. సరిపోనిది తల్లి నిద్ర, తిండి. పుట్టింట్లో మనుషులుండాలి.

ఇంటికొచ్చాక దేనికి భయపడాలి?

గంటలోపే ప్యాడ్ నిండిపోయేంత రక్తం, చలితో జ్వరం, వాసన వచ్చే స్రావం, ఒక కాలే వాచి నొప్పిగా ఉండటం, ఆయాసం. బీపీ కాన్పుతోనే పోతుందనుకోవద్దు, మొదటి వారంలోనే బాగా పెరిగి ఫిట్స్ దాకా వెళ్లినవాళ్లున్నారు. తలనొప్పి తగ్గకపోతే, కళ్ల ముందు మెరుపులు కనిపిస్తే, బాలింతకు గాలి తగలకూడదని తలుపులేసుకుని కూర్చోకుండా బీపీ చూపించుకోండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పిల్లలిద్దరినీ వెంట తీసుకెళ్లండి, పాలకు ఏడుస్తారు.